వీపు వెనక వేళ్ళు

"తలుపు తియ్యక్కా, వాన పడుతోంది."

"పడనీ."

"పక్కింటివాళ్ళు చూస్తున్నారు."

"చూడనీ. చూడకపోతే నేనే పిలిచి చూపిస్తా, నా తమ్ముడు ఎంత ఘనుడో."

వెనక తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది లొరైన్. స్కెల్బీలో వీధి తలుపు పెళ్ళికీ చావుకీ తప్ప తెరుచుకోదు. అయినవాళ్ళంతా పెరటి తలుపు నెట్టుకుని, తట్టకుండా, బూట్ల బురదతో సహా వంటింట్లోకి వచ్చేస్తారు. ట్రెవర్ ఆ తలుపు తట్టాల్సి రావడం బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

తడవాలి, ఇంకా తడవాలి అనుకుంది లొరైన్. యార్క్‌షైర్ వానంతా వాడి నెత్తిన కురిసినా తన కడుపుమంట చల్లారదు.

బల్ల దగ్గర ఆమె మొగుడు నెవిల్ మాత్రం పండగ చేసుకుంటున్నాడు. టీలో ముంచిన బిస్కెట్టు విరిగి కప్పులో పడిపోతే చెంచాతో వెతుక్కుంటున్నాడు.

"పాసయ్యాను కదా లొరైన్?" ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నించీ అదే ప్రశ్న. "డాక్టరమ్మ బాగానే ఉందంది కదా?"

"అంది."

పాసయింది ఎవరో లొరైన్‌కి తెలుసు.

ఆ పరీక్ష కోసం వాళ్ళు చలికాలం నుంచి ఎదురుచూశారు. కెటిల్ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టడం, ఎప్పుడో మూసేసిన బొగ్గుగనికి పొద్దున్నే డ్యూటీకి బయల్దేరడం, కడుపున పుట్టిన మేగన్‌నే పట్టుకుని "ఎవరమ్మాయివి?" అనడం, ఇవన్నీ డాక్టర్ చూసి, జబ్బుకి పేరు పెట్టి, కాగితం మీద రాస్తే తప్ప ఇంటికి సాయం మనిషి రాదు. మందు రాదు. లొరైన్ ఒక్క పూటైనా కళ్ళు మూసుకోవడానికి వీలుండదు.

అంత ఎదురుచూసిన పరీక్షని ట్రెవర్ తన చేతులతో, అక్షరాలా తన చేతులతో, బూడిదపాలు చేశాడు.

గదిలో మూడు కుర్చీలున్నాయి. మోకాలు పట్టేసిందని వంకపెట్టి అతను తన కుర్చీని కిటికీ దగ్గరికి, డాక్టర్ వెనక్కి లాక్కున్నాడు. అప్పుడైనా తనకి అనుమానం రాలేదే అని తలుచుకుంటే లొరైన్‌కి ఒళ్ళు మండిపోతోంది.

"ఇది ఏ నెల నెవిల్ గారూ?" అని అడిగింది డాక్టర్ ఫరీదా, కాగితం మీంచి తల ఎత్తకుండా.

నెవిల్ ఆవిడ భుజం మీదుగా కిటికీ వైపు చూశాడు. కాసేపాగి, "సెప్టెంబరు," అన్నాడు.

"ఏ వారం?"

మళ్ళీ కిటికీ వైపు చూపు. "గురువారం."

పొద్దున ఇదే మాట అడిగితే క్రిస్మస్ అన్న మనిషి! లొరైన్ కళ్ళు చెమర్చాయి. దేవుడు కరుణించాడేమో, తనే అనవసరంగా బెంబేలెత్తిందేమో అనుకుంది. అంతలో డాక్టర్, ఇందాక గుర్తుపెట్టుకోమన్న మూడు వస్తువులూ చెప్పమంది. వెనక ఎక్కడో తాళంచెవుల గుత్తి గలగలమంది.

లొరైన్ తల తిప్పింది. ట్రెవర్ ఒక చేత్తో తాళాలు ఆడిస్తున్నాడు. రెండో చేత్తో తను కూర్చున్న కుర్చీని తడుతున్నాడు. ఆ తర్వాత, అరవై దాటిన మనిషి, నోరు తెరిచి గాలిని ఆపిల్ పండులా కొరికాడు.

"తాళంచెవి, కుర్చీ, ఆపిల్," అన్నాడు నెవిల్, బడిపిల్లాడిలా మెరిసిపోతూ.

వయసుకి ఫరవాలేదు, వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాం అంది డాక్టర్. నెవిల్ ముఖం అంతలా వెలగడం చూసి ఎన్నాళ్ళయిందో! ఆ ముఖం ముందు ఎలా చెప్పడం? తిరిగి వచ్చేటప్పుడు కారు నడిపింది ట్రెవరే. ఇంటికి రాగానే మొగుణ్ణి లోపలికి తోసి, తమ్ముడి ముఖం మీద తలుపేసింది.

"బయట ఎవరో ఉన్నట్టున్నారే," అన్నాడు నెవిల్ ఇప్పుడు.

"ఎవరూ లేరు. నువ్వు టీ తాగు."

"నెవ్! నేను, ట్రెవర్‌ని!"

నెవిల్ లేచాడు. వచ్చి, లొరైన్ కూర్చున్న కుర్చీని ఆమెతో సహా ఎత్తి పొయ్యి పక్కన పెట్టి, తలుపు తీశాడు. ఆ బలం మాత్రం ఎక్కడికీ పోలేదు. స్కెల్బీ రగ్బీ జట్టు ముందు వరుసలో పదిహేనేళ్ళు నిలబడిన మనిషి మరి. పదహారో ఏట బొగ్గుగనిలో దిగి, ఆట పుణ్యమా అని పైకొచ్చినవాడు. చిదికిన చెవులూ, నాలుగుసార్లు విరిగిన ముక్కూ ఆ పదిహేనేళ్ళ సంపాదనే. ఆస్ట్రేలియా వెళ్ళిన దేశపు జట్టులో కూడా ఉన్నాడు. పబ్బు గోడ మీద అతని ఫోటో ఇప్పటికీ ఉంది, తల నుంచి రక్తం కారుతూ, నవ్వుతూ.

"ఈ వానలో నిలబడ్డావేంరా పిచ్చోడా? కూర్చో, లొరైన్ టీ ఇస్తుంది," అన్నాడు.

"విషం ఇస్తా," అంది లొరైన్.

ట్రెవర్ కూర్చోలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కాళ్ళ కింద నీళ్ళు మడుగు కట్టాయి.

"ఎందుకు చేశావురా?"

"వాడు నా వైపు చూశాడక్కా."

"చూస్తే?"

"చూస్తే చెయ్యి దానంతటదే లేచింది. నువ్వు నమ్మవని తెలుసు. పాత అలవాటు."

"ఏం అలవాటు?"

ట్రెవర్ టోపీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. జవాబు మాత్రం, మళ్ళీ బల్ల దగ్గర చేరిన నెవిల్ నుంచి వచ్చింది.

"ఆర్నాల్డ్!" అన్నాడు నెవిల్ ఉత్సాహంగా. నెల పేరు తెలియకపోయినా పాత సంగతులు అతనికి అరచేతిలో ఉంటాయి. "ఆర్నాల్డ్ గుర్తులేడూ? బకెట్టూ స్పాంజీ పట్టుకుని గ్రౌండులోకి పరిగెత్తుకొచ్చేవాడే! ఎవడైనా తలకి తగిలి పడిపోతే మోకాళ్ళ మీద కూర్చుని అడిగేవాడు. ఇది మొదటి సగమా రెండోదా, ఎవరు గెలుస్తున్నారు, ఎవరితో ఆడుతున్నాం. చెప్పలేకపోతే బయటికే."

"చెప్పగలిగేవాడివా?"

"ఎక్కడ? నా పేరే తెలిసేది కాదు." పకపకా నవ్వాడు. "ఆర్నాల్డ్ వీపు వెనక వీడు నిలబడేవాడుగా! ఒక వేలు చూపిస్తే మొదటి సగం, రెండైతే రెండోది. ఛాతీ మీద చెయ్యేస్తే మనదే పైచెయ్యి. మన జట్టంతా అంతే లొరైన్. ఎవడు పడిపోయినా వెనక ఒకడుండాల్సిందే. ఒంటరిగా వదిలేసేవాళ్ళం కాదు."

లొరైన్ చెయ్యి చాచి, కూస్తున్న కెటిల్‌ని పొయ్యి మీంచి దింపింది.

"ఆర్నాల్డ్‌కి తెలియదా?" అని అడిగింది లొరైన్.

"తెలుసు," అన్నాడు ట్రెవర్. "అందుకే ఎప్పుడూ మా వైపు వీపు పెట్టి కూర్చునేవాడు."

"ఎన్నిసార్లు చేశావురా ఇలా?"

"లెక్క పెట్టలేదక్కా."

"లెక్క పెట్టలేదు!" లొరైన్ లేచింది. "మీరిద్దరూ భుజాల మీద చేతులేసుకుని, తలలు ఆనించి తోసుకునే ఆటలో నువ్వు పక్కనున్నావని నేను నిశ్చింతగా ఉండేదాన్ని. నా మొగుడికేం భయం, పక్కన నా తమ్ముడున్నాడు అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. చివరికి నువ్వే కదరా వాణ్ణి మళ్ళీ మళ్ళీ లోపలికి తోసింది!"

"నేను తోయలేదు. వాడే వెళ్తానన్నాడు. బయటికి పంపిస్తే ఆ వారం డబ్బులు..."

"వాడికి తన పేరే తెలియదని ఇప్పుడే అన్నాడు. పేరు తెలియనివాడు నీతో వెళ్తానన్నాడా?"

ట్రెవర్ టోపీలోని నీళ్ళు పిండాడు.

"మంచులో ఆడిన సెమీఫైనల్ చెప్పు ట్రెవర్," అన్నాడు నెవిల్, వాళ్ళ గొడవ తనది కానట్టు. "ఇద్దరు నా కాళ్ళు పట్టుకు వేలాడుతుంటే ఈడ్చుకుంటూ వెళ్ళి గీత దాటానే, అది చెప్పు."

ఆ కథ ఈ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి పెళ్ళిలోనూ నెవిల్ చెప్పే కథ. అదే కథ, అవే మాటలు.

"నువ్వే చెప్పరాదూ?" అంది లొరైన్ మొగుడితో. "నీ కథేగా."

నెవిల్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, ట్రెవర్ వైపు చూశాడు.

ఆ చూపు ఆమెకి చాలు.

"వాడికేం గుర్తులేదక్కా," అన్నాడు ట్రెవర్ మెల్లిగా. "మొదట్నించీ లేదు. అప్పటికే రెండుసార్లు పడ్డాడు. ఆట అయిపోయాక బస్సులో, ఏం జరిగిందిరా అని నన్నడిగాడు. నేను చెప్పాను. నేను చెప్పిన మాటలే ఇన్నాళ్ళూ చెప్తున్నాడు."

తన మొగుడి జీవితంలో అన్నిటికంటే గొప్ప రోజు, తను మనవాళ్ళకీ పరాయివాళ్ళకీ గర్వంగా చెప్పించిన రోజు, అతని దగ్గర లేనే లేదు. తమ్ముడు అరువిచ్చిన రోజు అది.

"బయటికి పో," అంది.

"అక్కా, నువ్వూ కాస్త ఆలోచించు. ఆ సెమీఫైనల్ మర్నాడు పొద్దున వాడు బూట్లు తీసుకెళ్ళి ఓవెన్లో పెట్టాడని వీధంతా చెప్పి నవ్వింది ఎవరు? నువ్వు కాదూ? అప్పుడు మనకెవరికీ తెలియదు. అది జబ్బవుతుందని కలగన్నామా?"

"అప్పుడు తెలియదు సరే. ఇవాళ? ఇవాళ తెలియదా?"

"తెలుసు," అన్నాడు ట్రెవర్. "తెలిసే చేశాను. ఆ డాక్టర్ ఆ మాట రాసేస్తే క్లబ్బువాళ్ళు వాణ్ణి గేటు దగ్గర నిలబడనివ్వరు. ఆటగాళ్ళు లోపలికి వెళ్తుంటే వాళ్ళ భుజం తట్టడానికే వాడు వారమంతా బతుకుతున్నాడు. అది కూడా తీసేస్తే వాడికింకేం మిగుల్తుంది?"

"నేను మిగుల్తానురా!" అని అరిచింది లొరైన్. "నన్ను మనుషుల్లో లెక్కేశావా అసలు? వాడికి గేటు కావాలి, నీకు స్నేహం కావాలి. రాత్రీ పగలూ కాపలా కాసే దాని గురించి మీ ఇద్దరి వేళ్ళల్లో ఒక్క వేలైనా లేచిందా?"

నెవిల్ భయంగా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

అప్పుడు తట్టింది ఆమెకి. ఆడవాళ్ళ జట్టుకి కోచ్ ట్రెవర్. ఆ జట్టులో ముందు వరుస మేగన్‌ది. ఈ ఆదివారమే కప్పు ఫైనల్.

"ట్రెవర్, నిజం చెప్పు. మేగన్‌కి కూడా నేర్పావా ఇది?"

"లేదు."

"అమ్మ మీద ఒట్టు వెయ్యి."

"అమ్మ మీద ఒట్టు. నేను నేర్పలేదు." ఆ 'నేను' అన్నచోట ఒక్క క్షణం ఆగాడు. ఆ కోపంలో లొరైన్ దాన్ని చెవిన వేసుకోలేదు.

"అయితే ఆదివారం నీ చేతులు జేబులోంచి బయటికి రాకూడదు. వచ్చాయో, నేను గ్రౌండు మధ్యకొచ్చి విరుస్తాను."

పెరటి తలుపు ధడాల్న తెరుచుకుంది. మేగన్! భుజాన సంచీ, మోకాలికి బురద.

"వీధి చివరికి వినపడుతున్నాయి మీ అరుపులు. ఏంటి మామయ్యా, ముంచిన ఎలకలా ఉన్నావు?"

"మీ అమ్మని అడుగు," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు ట్రెవర్.

లొరైన్ జరిగిందంతా చెప్పింది. మేగన్ బల్ల అంచు మీద కూర్చుని, తండ్రి కప్పులో మిగిలిన టీ తాగుతూ వింది. చివరికి, "పాపం మామయ్య," అంది.

"పాపమా!"

"మరి? నాన్న అక్కడ గుడ్లప్పగించి కూర్చుంటే చూస్తూ ఊరుకోమంటావా? నేనైతే నేనూ చేసేదాన్నేమో."

తమ్ముడు చేసినదానికంటే ఆ మాటే లొరైన్‌కి ఎక్కువగా గుచ్చుకుంది. ఈ ఇంట్లో తను తప్ప అందరూ ఒకే జట్టు.

"సరేలే, నాకో మాటివ్వు. ఆదివారం తలకి తగిలితే మర్యాదగా బయటికొచ్చేస్తావు."

"వచ్చేస్తానమ్మా. నాన్న మీద ఒట్టు, చాలా?"

నెవిల్ కూతురికి కన్ను కొట్టాడు. మేగన్ నవ్వింది. తండ్రీకూతుళ్ళ ముచ్చట అనుకుంది లొరైన్, వెర్రిది.

మర్నాడు పొద్దున ఆమె డాక్టర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెప్పి వెనక్కి తిరిగితే నెవిల్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"నన్ను పట్టించావా?"

"నెవిల్, నీ మంచికే..."

"నా ఇంట్లో, నా పెళ్ళాం, నన్ను పట్టించింది," అన్నాడు, గోడతో చెప్తున్నట్టు.

సాయంత్రానికి ఆ ఫోను సంగతి మర్చిపోయాడు. ఆమె మీద కోపం ఉండాలని మాత్రం మర్చిపోలేదు. శనివారమంతా ఎందుకో తెలియని ఆ కోపాన్ని మోసుకుంటూ ఇంట్లో తిరిగాడు. అన్నం పెడితే తిన్నాడు గానీ ఆమె ముఖం చూడలేదు. వాదించడానికి కారణమైనా గుర్తులేని మనిషికి ఏమని సంజాయిషీ చెప్తుంది?

ఆదివారం మాత్రం పొద్దున్నే తయారై వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు. పెరటి తలుపు దగ్గరికి తిప్పి, బూట్లు విప్పి, ఏ కాలిది ఆ కాలికి మళ్ళీ తొడిగింది లొరైన్. గ్రౌండులో ఇనుప కమ్మీ పక్కనే చోటు దొరికింది. దారంతా జనం నెవిల్ చెయ్యి పట్టుకుని ఊపారు. అందరినీ పేరు లేకుండా, "ఏం బాబూ" అంటూ పలకరించాడతను.

అవతలి గీత దగ్గర ట్రెవర్ నిలబడి ఉన్నాడు. అక్కని చూసి రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకున్నాడు. చూశావా అన్నట్టు అలాగే ఉంచాడు.

రెండో సగం సగానికొచ్చేసరికి స్కెల్బీ ఒక్క పాయింటు ముందుంది. మేగన్ బంతి పట్టుకుని ముగ్గురి మీదికి దూసుకెళ్ళింది. లొరైన్‌కి చప్పుడు వినపడింది, ఎముక చప్పుడు. ముగ్గురూ లేచారు. మేగన్ లేవలేదు.

లొరైన్ కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. 'లేవకు తల్లీ. ఈ ఒక్కసారికి లేవకు, వాళ్ళే తీసుకొచ్చేస్తారు.'

మేగన్ లేచి కూర్చుంది. సంచీ పట్టుకుని పరిగెత్తిన నర్సమ్మాయి ఆమె ముందు మోకాళ్ళ మీద వాలింది. గీతకి ఇవతలే, ఎంత దగ్గరంటే మాటలు వినపడుతున్నాయి.

"మేగన్, నా వైపు చూడు. ఇది మొదటి సగమా, రెండోదా?"

మేగన్ ఆమె వైపు చూడలేదు. ఆమె భుజం మీదుగా చూసింది.

లొరైన్ చప్పున ట్రెవర్ కోసం చూసింది. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. అంతేకాదు, ముఖం కూడా పక్కకి తిప్పుకుని నేల చూస్తున్నాడు. ఆమెకి ఊపిరి వచ్చింది. దొంగ వెధవ, మాట నిలబెట్టుకున్నాడు.

అయినా, మేగన్ చూస్తున్నది అవతలి గీత వైపు కాదు. ఇటు. తమ వైపు.

లొరైన్ పక్కకి తిరిగింది. నెవిల్ కమ్మీ మీదికి వంగి ఉన్నాడు. ఏడాదిగా ఎప్పుడూ లేనంత తేటగా ఉన్నాయి కళ్ళు. కోటు గుండీ దగ్గర, ఎవరికీ కనపడకుండా, రెండు వేళ్ళు నిలబడి ఉన్నాయి.

సరైన జవాబే.

నేను నేర్పలేదు అన్నాడు తమ్ముడు. తన రక్తం పంచుకున్నవాడు నిజమే చెప్పాడు, తనే వినలేదు.

ఆమె ఆ చేతిని పట్టి కిందికి గుంజి, కమ్మీ మీద అదిమిపెట్టింది. "దీనికి ఎప్పుడు నేర్పావు నెవిల్? కన్నకూతురికి, ఎప్పుడు నేర్పావు?"

"ఏం నేర్పాను?" అన్నాడు నెవిల్. అబద్ధం కాదు. అతనికి నిజంగానే తెలియదు. "వదులు లొరైన్. పిల్ల ఒంటరిదైపోతుంది."

"మేగన్," అని మళ్ళీ అడిగింది నర్సమ్మాయి. "మొదటి సగమా, రెండోదా?"

మేగన్ కళ్ళు తండ్రి చేతిని వెతికాయి. అది కనపడక అటూ ఇటూ తిరిగాయి. చివరికి తల్లి ముఖం మీద ఆగాయి. గురువారం ఆ డాక్టర్ గదిలో నెవిల్ కిటికీ వైపు చూసిన చూపే అది.

'చెప్పమ్మా' అంటోంది ఆ చూపు.

లొరైన్ అరచేతి కింద రెండు వేళ్ళు పైకి లేవాలని తోస్తూనే ఉన్నాయి.